ఇంగ్లిష్ రీడింగ్ ప్యాకేజీ కొనేముందు ఆన్సర్ కీ తెరిచి చూడండి: విశాఖ పేరెంట్స్‌కి జాగ్రత్త

ఇంట్లో ప్లస్ టూ పిల్లలున్న విశాఖ వాళ్లంతా కాస్త జాగ్రత్త. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వైపు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఆదివారం పూట టేబుళ్లు వేసుకుని "ఫ్రీ ఇంగ్లిష్ రీడింగ్ టెస్ట్" అంటూ పిల్లల్ని కూర్చోబెడుతున్నారు ఒక సంస్థవాళ్లు. పేరు రాయను. ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఇలాంటివాళ్లకి బోర్డు మార్చడం ఎంతసేపు? వాళ్ల దగ్గర మేం తీసుకున్న సెట్టులో నాలుగు పుస్తకాలు, ఏడాదిపాటు యాప్, వారానికో ఆన్‌లైన్ క్లాసు. అన్నీ కలిపి 14,500 రూపాయలు. డబ్బు పోవడం ఒక ఎత్తు. పుస్తకం వెనక ఉన్న ఆన్సర్ కీ మా అమ్మాయికి వచ్చినదాన్ని కూడా చెడగొట్టడం ఇంకో ఎత్తు.

ముందు వాళ్లు అమ్మే తీరు చెప్తాను. పావుగంట టెస్టు పెట్టి, అక్కడికక్కడే రంగుల రిపోర్టు ప్రింటు తీసి చేతిలో పెడతారు. అందులో "మీ పిల్లల రీడింగ్ ఏడో తరగతి స్థాయిలో ఉంది" అని ఉంటుంది. పదో తరగతిలో ఇంగ్లిష్‌కి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల గురించి అలా రాసిస్తే ఏ తల్లికైనా టెన్షన్ రాదా? తర్వాత పై ఫ్లోర్ వాళ్లబ్బాయి రిపోర్టు తెచ్చి పక్కన పెట్టి చూశాం. మార్కుల గడి తప్ప అక్షరం తేడా లేదు. మా అమ్మాయి రిపోర్టులో కూడా "హిజ్ రీడింగ్ స్పీడ్" అనే ఉంది. ఆడపిల్ల అన్న సంగతి కూడా చూసుకోని కంప్యూటర్, పిల్ల చదివే స్థాయి కనిపెట్టేసిందన్నమాట.

ఇక "ఇవాళ కడితేనే ఈ రేటు మేడమ్, వైజాగ్‌కి ఇచ్చిన సీట్లు అయిపోవచ్చాయి" అనే మాట ఎలాగూ ఉంటుంది. కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించి అమ్మడం, మార్కులకి గ్యారంటీ ఇవ్వడం రెండూ అందులో నిషేధమే. మాకిచ్చిన కరపత్రంలో రెండూ ఉన్నాయి.

దాంట్లోనే "నిమిషానికి వెయ్యి పదాలు చదివే టెక్నిక్" అని ఇంకో గొప్ప. ఇది వినగానే పిల్లలు మెత్తబడతారు. కానీ లెక్క చూడండి. పెద్దవాళ్లు ఇంగ్లిష్‌ని మనసులో చదువుకునే సగటు వేగం, కథ కాని రచనలకి, నిమిషానికి 238 పదాలని మార్క్ బ్రిస్‌బార్ట్ అనే పరిశోధకుడు 2019లో ఎన్నో అధ్యయనాలని కలిపి తేల్చాడు. సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఇంగ్లిష్ కోర్ పేపర్లో రెండు పాసేజీలూ కలిపి 700 నుంచి 750 పదాలు. మన పిల్ల నిమిషానికి 150 పదాలే చదివినా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పరీక్ష మూడు గంటలు, ముందు పేపర్ చదువుకోడానికి పావుగంట అదనం. అక్కడ మార్కులు పోయేది వేగం లేక కాదు, ప్రశ్న ఏమడుగుతోందో పట్టుకోలేక. లా కోర్సుల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు కాబట్టి కొంత వేగం కావాలి, ఒప్పుకుంటాను. కానీ అందులో తప్పు జవాబుకి పావు మార్కు కోత ఉంది. గబగబా చదివి తప్పు పెడితే ఉన్నదీ ఊడుతుంది.

మా అమ్మాయికి సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చేరాలని ఉంది. దానికి క్లాట్ రాయాలి. అది రాకపోతే కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ. ఆ రెండింటికీ, బోర్డుకీ ఒకే సెట్టు సరిపోతుందని వాళ్లు చెప్పారు. పుస్తకాలొచ్చాక చూస్తే మొదటి పుస్తకంలో సగం నోట్ మేకింగ్, అంటే పాసేజీలోని ముఖ్యాంశాలని కుదించి రాయడం. పన్నెండో తరగతి బోర్డు పేపర్లో ఇప్పుడు నోట్ మేకింగ్ లేదు, అది పదకొండులో ఉంది. పన్నెండులో రీడింగ్‌కి 80లో 22 మార్కులు. 12 మార్కులకి ఒక పాసేజీ, 10 మార్కులకి పట్టికో గ్రాఫో ఇచ్చి అడిగే ఇంకో పాసేజీ. ఆ రెండో రకం ప్రాక్టీసుకి ఈ సెట్టులో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకదానికి ఇచ్చిన పై చార్ట్‌ని, అంటే ముక్కలు కోసినట్టుండే గుండ్రటి బొమ్మని, నలుపు తెలుపులో అచ్చేశారు. ఏ ముక్క ఏదో తెలియకుండా అన్నీ ఒకే బూడిద రంగు. సరే, అంకెలున్నాయి కదా అని కూడితే 108 శాతం వచ్చింది. "ఎక్కువ భాగం దేనికి ఖర్చవుతోంది" అనే ప్రశ్నకి కీలో ఇచ్చిన జవాబు చార్టులో రెండో పెద్ద ముక్క.

ఇవన్నీ అచ్చు తప్పులని సరిపెట్టుకోవచ్చేమో. కీ సంగతి బయటపెట్టింది మా ఆడపడుచు. శ్రీకాకుళంలో ఇంగ్లిష్ లెక్చరర్. పండక్కి వచ్చినప్పుడు మేనకోడలు మొహం వేలాడేసుకుని కూర్చోవడం చూసి ఆ పుస్తకాలు తీసింది. కాసేపు తిరగేసి, "ఏటి వదినా ఇది, సరైన జవాబుకి ఇంటూ కొట్టించుకుంటోంది పిల్ల!" అంది.

తను చూపించిన పాసేజీ రెండో పుస్తకంలోది. సముద్రం ఒడ్డున ఒక ఊరు. రేడియోలో తుపాను హెచ్చరిక వస్తుంది. ఆకాశం చూస్తే నిర్మలంగా ఉంటుంది. ఒక ముసలి జాలరి పడవ తియ్యడు. కుర్రాళ్లు వేటకెళ్లి, క్షేమంగా, బోలెడు చేపలతో తిరిగొస్తారు. మర్నాడు పొద్దున్నే ముసలాయన మళ్లీ రేడియో పెట్టుకుని వింటూ కూర్చుంటాడు. అంతే పాసేజీ. చక్కగానే ఉంది, ఎక్కడినుంచి ఎత్తుకొచ్చారో గానీ. ప్రశ్న: దీన్నిబట్టి ముసలాయన గురించి ఏం ఊహించవచ్చు? ఎ, ఆయనకి బద్ధకం. బి, కళ్లకి కనిపించేది వేరుగా ఉన్నా ఆయన హెచ్చరికని లెక్కచేస్తాడు. సి, తుపాను తప్పకుండా వస్తుందని ఆయనకి తెలుసు. డి, కుర్రకారు ఎప్పుడూ పెద్దల మాట వినరు.

మా అమ్మాయి బి పెట్టింది. కీలో డి. పక్కన వివరణ ఒక్క లైను: "యువత పెద్దలని గౌరవించాలి అన్నది ఇందులోని సందేశం."

మా ఆడపడుచు మా అమ్మాయికి ఓపిగ్గా చెప్పింది. ప్రశ్న అడిగింది ముసలాయన గురించి, డి చెప్పేది కుర్రాళ్ల గురించి. దాంతోనే అది పోయింది. పైగా "ఎప్పుడూ" అని ఉంది, ఒక్కరోజు జరిగినదాన్ని పట్టుకుని ఎప్పుడూ అని ఎలా అంటాం? ఆల్వేస్, నెవర్, ఓన్లీ లాంటి మాటలున్న ఆప్షన్ కనిపిస్తే, పాసేజీలో అంత గట్టిగా చెప్పిన వాక్యం ఉందా లేదా అని వెతకాలి. ఎ కి ఆధారం లేదు, పొద్దున్నే లేచి రేడియో వినేవాడు బద్ధకస్తుడెలా అవుతాడు? సి కూడా కుదరదు, తప్పకుండా వస్తుందని తెలిసినవాడు మర్నాడు మళ్లీ ఎందుకు వింటాడు? ఇక మిగిలింది బి ఒక్కటే. "నువ్వు పెట్టిందే కరెక్టమ్మా" అంటే మా అమ్మాయి వెంటనే నమ్మలేదు. "మరి కీలో అలా ఉంది కదత్తా" అని మూడుసార్లు అడిగింది.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. ఆ పిల్ల నోట్‌బుక్ చూస్తే మొదట్లో పెట్టినవన్నీ ఆలోచించి పెట్టిన జవాబులు. కీ చూసి ఇంటూలు కొట్టుకుంటూ పోయాక, తర్వాతి పాసేజీల నుంచి నీతివాక్యంలా కనిపించే ఆప్షన్ ఏదుంటే దానికే టిక్కు పెట్టడం మొదలుపెట్టింది. అలా పెడితే కీతో కలుస్తోంది మరి! ఉప్పు లేని కూరలో ఉప్పు వేసుకోవచ్చు, ఎక్కువైన కూరనేం చేస్తాం? అసలు ప్రాక్టీసే చెయ్యని పిల్లకి నేర్పడం కంటే ఇలా తప్పు దారి పట్టిన పిల్లని వెనక్కి తేవడం మా ఆడపడుచుకి కష్టమైంది.

ఇదే జాలరి పాసేజీ నాలుగో పుస్తకంలో వేరే టైటిల్‌తో మళ్లీ ఉంది. ప్రశ్న అదే, ఆప్షన్లు అవే, వరుస కూడా మారలేదు. అక్కడ కీలో సి.

యాప్ గురించి ఎక్కువ రాయడం దండగ. "ఏఐ మూల్యాంకనం" అన్నారు. మా అమ్మాయి చిన్న జవాబు సొంత మాటల్లో రాస్తే సున్నా ఇచ్చింది, పాసేజీలో లైను ఉన్నదున్నట్టు ఎక్కిస్తే ఫుల్ మార్కులు. ఆన్‌లైన్ క్లాసులు మొదట బాగానే జరిగి, తర్వాత పాత రికార్డింగులయ్యాయి, ఆ తర్వాత అవీ లేవు.

డబ్బు వెనక్కివ్వమని అడిగినప్పుడు బయటపడింది అసలు కిటుకు. "మీరు కొన్నది పుస్తకాలు మేడమ్. పుస్తకాలు చేరాయి కదా. క్లాసులు, యాప్ మేం ఉచితంగా ఇచ్చినవి" అన్నాడు ఆ సంస్థ మనిషి. బిల్లు తీసి చూస్తే నిజంగానే 14,500 మొత్తం పుస్తకాల కిందే వేశారు. అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు, కోచింగ్‌కి 18 శాతం. ఇలా బిల్లు వేస్తే పన్నూ తప్పుతుంది, క్లాసులు ఆపేసినా అడిగే దిక్కుండదు. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఆ తెలివిలో పదో వంతు ఆన్సర్ కీ మీద పెట్టినా బాగుండేది.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా బిల్లులో పుస్తకాలకింత, క్లాసులకింత, యాప్‌కింత అని విడివిడిగా రాయించండి. ఎన్ని క్లాసులు, ఎప్పటివరకు, మధ్యలో ఆగితే ఎంత వెనక్కిస్తారు అన్నది కాగితం మీద ఉండాలి. నోటిమాట వద్దు. మమ్మల్ని ఇప్పుడు ఆదుకుంటున్నది వాళ్ల కరపత్రమే, అందులో "48 లైవ్ క్లాసులు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. మా ఆయన దాన్ని పారెయ్యకుండా ఫైల్లో పెట్టడం మంచిదైంది. మీకు ఇచ్చిన కరపత్రాలు, వాట్సాప్ మెసేజీలు, కట్టిన యూపీఐ స్క్రీన్‌షాట్లు ఉంచుకోండి.

మేం ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం. తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబర్ ఇచ్చి సంస్థకి పంపుతారు, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, వాళ్ల హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. లాయర్ తప్పనిసరి కాదు. హెల్ప్‌లైన్ నుంచి ఫోన్ వెళ్లాక వాళ్లు సగం ఇస్తామని కబురు పెట్టారు. మేం ఒప్పుకోలేదు.

ఇంతకీ పుస్తకం కొనకుండా ఏం చెయ్యాలంటారా? సీబీఎస్ఈ అకడమిక్ వెబ్‌సైట్లో ఏటా శాంపిల్ పేపర్లు, వాటి మార్కింగ్ స్కీములు ఉచితంగా పెడతారు. బోర్డు వాళ్లే ఇచ్చిన జవాబు కాబట్టి అంతకంటే నమ్మకమైన కీ ఉండదు. క్లాట్‌కి, ఆ పరీక్ష పెట్టే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం సైట్లో పాత పేపర్లున్నాయి. అందులో ఇంగ్లిష్ పాసేజీ ఒక్కోటి 450 పదాల దాకా ఉంటుంది, బోర్డు ప్రాక్టీసుకీ పనికొస్తుంది. సీయూఈటీ ఇంగ్లిష్‌కి గంటలో 50 ప్రశ్నలు, తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది. కాబట్టి అది రాసేవాళ్లు టైము పెట్టుకుని చెయ్యడం అలవాటు చేసుకోవాలి. రాష్ట్ర బోర్డు ఇంటర్ చదివేవాళ్ల పేపర్ తీరు వేరు, వాళ్లు సీబీఎస్ఈ పేరుతో అమ్మేవి అసలే ముట్టుకోవద్దు.

మా ఆడపడుచు చెప్పినట్టు ఇప్పుడు మా అమ్మాయి సెలవు రోజుల్లో ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి, ఇంగ్లిష్ పేపర్లో ఎడిటోరియల్ ఒకటి చదివి, తనే రెండు మూడు ప్రశ్నలు తయారుచేసి తెస్తోంది. ఒక్కో ప్రశ్నకి ఒక సరైన జవాబు, మూడు తప్పు జవాబులు రాయాలి. ఆ తప్పువి నమ్మేలా రాయడంలో ఉంది మజా. మొన్న దాని ప్రశ్నకి వాళ్ల నాన్న బోల్తా పడ్డారు.

అయినా పుస్తకం కావాలనుకుంటే సీలు వేసిన ప్యాక్ కొనకండి. విడిగా తెరిచి చూడనిచ్చే షాపులో, ఏదో ఒక పాసేజీ పిల్లలతో అక్కడే చేయించి కీ చూడండి. జవాబు ఎందుకు సరైనదో అదొక్కటే చెప్తే చాలదు, మిగతా మూడూ ఎందుకు కావో కూడా చెప్పాలి. వట్టి ఎ, బి, సి, డి అక్షరాలే ఉంటే ఆ పుస్తకాన్ని అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి.

ఈ సెట్టు ఇప్పటికే తీసుకున్నవాళ్లు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారని నాకు తెలుసు. జాలరి పాసేజీ రెండో పుస్తకంలోనూ నాలుగో పుస్తకంలోనూ చూసుకోండి, గుర్తుపట్టేస్తారు. బిల్లు, కరపత్రం ఉంటే నాకు చెప్పండి. ఒకే నష్టం జరిగినవాళ్లు కమిషన్ అనుమతితో ఉమ్మడిగా ఫిర్యాదు చెయ్యొచ్చు. పై ఫ్లోర్ వాళ్లు ఇప్పటికే మాతో కలిశారు, కాగితాలు వచ్చే వారం సిద్ధం చేస్తున్నాం.