ఎర్రమట్టి కడవ: అనంతపురం ఎండల్లో ఎలా పనిచేస్తుంది?

ఎండలు ముదరగానే అనంతపురం రోడ్ల పక్కన బోర్లించి అమ్మే పది లీటర్ల మామూలు ఎర్రమట్టి కడవ గురించి ఈ సమీక్ష. ఫ్రిజ్ ఉండగా ఇదెందుకు అనేవాళ్ళు తెల్లవారుజామున దీని పొట్ట మీద ఒకసారి చెయ్యి ఆనించి చూడాలి. అరచేతికి సన్నటి తడి తగులుతుంది. దీపం పెట్టి చూస్తే ఆవగింజంత నీటి పూసలు కనిపిస్తాయి. కడవ చెమర్చిందంటే రాత్రంతా మన కోసం పనిచేసిందన్నమాట.

మట్టిలోని సూదిమొనకన్నా సన్నటి రంధ్రాల్లోంచి నీరు పైకి ఊరుతుంది, గాలి తగిలి ఆవిరవుతుంది. ఆవిరవడానికి కావలసిన వేడిని లోపలి నీళ్ళ నుంచే లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 580 కేలరీలు కావాలి (గ్రాము నీళ్ళు ఒక డిగ్రీ చల్లబడితే వదిలే వేడి ఒక కేలరీ). ఆ లెక్కన పది లీటర్లు పది డిగ్రీలు చల్లబడాలంటే దాదాపు 170 మిల్లీలీటర్లు, అంటే చిన్న గ్లాసెడు నీళ్ళు గాలిలో కలవాలి. బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే పోతుంది. పొద్దున నీళ్ళు తగ్గాయంటే కడవ కారిందని కంగారు పడక్కర్లేదు. తగ్గకపోతేనే అనుమానించాలి.

ఈ పనికి అనంతపురం లాంటి ఊరు మరొకటి దొరకదు. ఎండ 40 డిగ్రీలుండి గాలిలో తేమ 20 శాతమే ఉన్నప్పుడు, ఆవిరితో నీళ్ళు చల్లబడగల హద్దు 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. కడవ అక్కడిదాకా దిగదు, కొన్ని డిగ్రీల పైనే ఆగుతుంది. గొంతుకు హాయినిచ్చే చల్లదనం అదే. సముద్రం పక్క ఊళ్ళలో తేమ వల్ల ఇదే కడవ ఇంత బాగా చల్లబరచదు. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిప్పే గాలే మన వసారాలో నీళ్ళూ చల్లబరుస్తోంది.

కొనేటప్పుడు వేలి మెటికతో కొట్టండి. ఖంగుమని మోగాలి, బొదబొదమంటే ఎక్కడో బీట ఉన్నట్టు. మూతిలోంచి చూస్తూ సూర్యుడి వైపు ఎత్తితే, చిల్లుంటే వెలుతురు చుక్కలా కనబడుతుంది. రంగులు, వార్నిష్ పూసినవి అందంగా ఉంటాయి గానీ రంధ్రాలు పూడిపోయి నీళ్ళు చల్లబడవు. కుళాయి బిగించినవాటితోనూ జాగ్రత్త: వాషర్ వదులైతే కారుతుంది, గట్టిగా బిగిస్తే చుట్టూ చీలుతుంది. కుళాయి లేనిదే మేలు.

తెచ్చిన రోజే నీళ్ళు పోసుకుని తాగకండి. పెద్ద తొట్టిలో ఒక రోజంతా మునిగేలా నానబెట్టి, తర్వాత రెండు మూడు సార్లు నింపి పారబోయండి. కొబ్బరి పీచుతో ఉత్త నీళ్ళతో రుద్దితే చాలు. సబ్బు మాత్రం వద్దు, మట్టి దాన్ని పీల్చుకుని రోజుల తరబడి నీళ్ళలోకి వాసన వదులుతుంది. గుండ్రటి అడుగు నిలవడానికి చుట్టకుదురు గానీ, పళ్ళెంలో తడి ఇసుక గానీ వేసి నీడలో, గాలి ఆడే కిటికీ పక్కన పెట్టండి. పొయ్యి దగ్గర, మూసిన మూలల్లో పెట్టి చల్లబడలేదంటే తప్పు కడవది కాదు.

మన దగ్గర దీనికి అసలు శత్రువు బోరు నీటి ఉప్పు. నీరు ఆవిరయ్యాక బయట తెల్లటి పొర కడుతుంది, క్రమంగా రంధ్రాలు మూసుకుంటాయి. అప్పుడప్పుడు చిక్కటి చింతపండు పులుసు రాసి, గంట ఆగి పీచుతో రుద్ది, బాగా కడిగి ఎండబెడితే చాలావరకు తేరుకుంటుంది. తేరుకోకపోతే కొత్తది తెచ్చుకోవాల్సిందే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కడవ నీళ్ళను చల్లబరుస్తుందే తప్ప శుద్ధి చేయదు. ఫ్లోరైడ్ పోదు, క్రిములూ చావవు. ఈ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళతో ఎన్నో ఊళ్ళు బాధపడ్డాయి. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చినప్పుడు జనం ఎందుకంత మొక్కుకున్నారో మంచినీళ్ళ విలువ తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మంచి నీళ్ళే పోయండి, మూత పెట్టండి, చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటెతో తీసుకోండి, రోజూ ఖాళీ చేసి నింపండి.

వైశాఖంలో నీళ్ళు నింపిన కుండ దానం ఇచ్చే ఆచారం ఊరికే రాలేదు. ఇంత చేసే వస్తువును తిప్పి, తట్టి, కాల్చి ఇచ్చిన కుమ్మరి దగ్గర గీచి గీచి బేరం ఆడటం న్యాయం కాదు.

మూతి పెచ్చు లేచినా పారేయకండి. మెడదాకా మల్లెచెట్టు పక్కన పాతి నీళ్ళు నింపి మూత పెడితే, అదే చెమట ఇప్పుడు వేళ్ళకు అందుతుంది.