కాఫీ ఎవరికి తూచాలి: షావుకారుకా, జీసీసీకా, సంఘానికా?

పాడేరు కొండల మీద కాఫీ పండు ఎర్రబడటం మొదలైతే నా ఫోను మోగడం మొదలవుతుంది. ఏజెన్సీలో సహకార సంఘాల పద్దులు చూసే పని నాది. చదువుకున్న గిరిజన యువకులు ఏటా అడిగేది ఒకటే: "సార్, ఈసారి కాఫీ ఎవరికి తూచమంటారు?" షావుకారు ఒక ధర చెబుతాడు, ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ జీసీసీ ఒక ధర ప్రకటిస్తుంది, రైతుల సంఘం ఇంకొకటి అంటుంది. కిలోకు ఎవరు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తారన్నది వాళ్ల లెక్క. నేను ముందు అడిగేది వేరు: మొన్న వానల్లో మీ ఇంట్లో అప్పు ఎవరి దగ్గర తెచ్చారు?

ఈ ప్రశ్న నా తెలివి కాదు. చాలా ఏళ్ల కిందట ఒక గ్రామంలో నల్లబల్ల మీద ధరల పట్టిక వేసి గంటసేపు మాట్లాడాను. వెనక కూర్చున్న కొండదొర తెగ పెద్దాయన అంతా విని, "పండు రోజుల్లో అందరూ వస్తారు బాబూ. వానల్లో ఎవరు వస్తారు?" అన్నాడు. పట్టిక తుడిచేశాను.

వానల్లో వచ్చేది షావుకారు. నిరుటి చోళ్లు (రాగులు) అయిపోయి, కొత్తవి చేతికి రాని రోజులవి. జ్వరాలు, విత్తనాలు, పిల్లల్ని హాస్టల్లో దింపే ఖర్చు అన్నీ అప్పుడే. షావుకారు కాగితం అడగడు, రాత్రి తలుపు తట్టినా విసుక్కోడు. అతన్ని తిట్టడం తేలిక, అతను లేకుండా ఆషాఢం దాటడం కష్టం. 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనేతరుడు ఇక్కడ భూమి రాయించుకోలేడు. అందుకని పంటను రాయించుకుంటాడు, అదీ నోటి మాట మీదే.

ఒక లెక్క వేద్దాం. జూలైలో 5,000 రూపాయలు, నూటికి ఐదు రూపాయల వడ్డీ. డిసెంబరుకు వడ్డీ 1,250. ఇక్కడితో ఆగితే ఫరవాలేదు. కానీ పంట అతనికే తూచాలి, అతను చెప్పిన ధరకే. ఎకరం తోట నుంచి వంద కిలోల పార్చ్‌మెంట్, అంటే పండు తొక్క తీసి ఎండబెట్టిన గింజ, వచ్చిందనుకుందాం. బయటి ధర కంటే కిలోకు 40 తగ్గిస్తే 4,000 పోయింది. మొత్తం 5,250. అప్పు ఎంతో, దాని ఖరీదు అంతకు మించింది. దీనిలో తూకం సంగతి కలపలేదు. కాటా ఎవరిదో సంతలో అందరికీ తెలుసు.

ఇక జీసీసీ. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ గురించి ఏజెన్సీ వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కుంకుళ్లు, చింతపండు, తేనె, కొండచీపుళ్లు కొని, డీఆర్ డిపో అనే నిత్యావసరాల దుకాణంలో బియ్యం, నూనె అమ్మే సంస్థ అది. ధర ముందే ప్రకటిస్తుంది. షావుకారు కూడా మరీ దిగజారకుండా ఆ ప్రకటన ఆపుతుంది, అంటే జీసీసీకి అమ్మని రైతుకూ దానివల్ల మేలే. 2001 ప్రాంతంలో ప్రపంచమంతా కాఫీ ధర కుప్పకూలింది. అలాంటి ఏడు మళ్లీ వస్తే ప్రభుత్వ సంస్థ వెనక ఉండటం ఎంత అవసరమో తెలుస్తుంది. లోటు ఒకటే, అది మనుషులది కాదు, నిర్మాణానిది: ధర ఎంత, కొనుగోలు ఎప్పుడు అన్నవి తోట ఉన్నవాళ్లు కూర్చుని తేల్చేవి కావు.

నా మొగ్గు సంఘం వైపే, దాచను. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, మనందరం మాక్స్ అనేది, ప్రభుత్వ వాటా లేకుండా సభ్యులే పెట్టుబడి పెట్టి, సభ్యులే పాలకవర్గాన్ని ఎన్నుకునే వీలు కల్పించింది. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచిన అరకు కాఫీ వెనక ఉన్నది అలాంటి గిరిజన రైతుల సంఘమే. పారిస్ మాట వినగానే యువకుల కళ్లు మెరుస్తాయి. నాకు మెరిసేది అది కాదు. సంఘానికి ఇచ్చేది ఎర్రపండు. ఏరిన రోజే పల్పింగుకు, అంటే తొక్క తీయడానికి, పోవాలి, పచ్చికాయ కలిస్తే తిప్పి పంపుతారు. ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లి ఏరాలంటే ఇంట్లో మనుషులు కావాలి. డబ్బు కూడా ఒక్కసారి రాదు. తూకం నాడు కొంత, అమ్మకం అయ్యాక మిగతాది. అప్పుల్లో ఉన్న ఇంటికి ఆ మిగతాది చాలా దూరంగా కనిపిస్తుంది.

అందుకే కాఫీ సంఘం ఒక్కటే ఉన్న ఊరికీ, దానితోపాటు మహిళల పొదుపు గట్టిగా ఉన్న ఊరికీ పద్దుల్లోనే తేడా తెలుస్తుంది. నేను చూసే ఒక గ్రూపులో పన్నెండు మంది, నెలకు తలా వంద. ఇనుప పెట్టెకు మూడు తాళాలు, మూడు చెవులు మూడు ఇళ్లలో. ఏడాదికి 14,400 అవుతుంది. పన్నెండు ఇళ్ల వానాకాలానికి అది చాలదు; పొదుపు చూసి గ్రూపుకు బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణం కలిస్తే చాలుతుంది. అదే 5,000 నూటికి రూపాయి వడ్డీకి తెస్తే డిసెంబరుకు 250. అన్నిటికంటే ముఖ్యం, పంట మీద ఎవరి పేరూ ఉండదు. అప్పుడు మాత్రమే సంఘం ధరా జీసీసీ ధరా అని బేరీజు వేసుకునే స్వేచ్ఛ ఆ ఇంటికి ఉంటుంది.

సంఘం అనగానే నిజాయితీ అనుకోకండి. పేరు చెప్పను, ఒకచోట కొనుగోలు పుస్తకానికీ అమ్మకం పుస్తకానికీ మధ్య పదకొండు బస్తాలు మాయమయ్యాయి. లెక్క రాసేది ఊళ్లో ఒక్కడే, అడగగలిగినవాడు రెండోవాడు లేడు. లెక్క చదవగలిగిన ఆడపిల్లలు ఇద్దరు ఊళ్లో ఉంటే నాకు సంఘం మీద నమ్మకం పెరుగుతుంది.

అడవి సరుకును శుద్ధి చేసి అమ్ముకునేందుకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద పెట్టే వన్ ధన్ కేంద్రాల గురించి కూడా అడుగుతారు. మూడు వందల మందికి ఒక కేంద్రం, 15 లక్షల సాయం. తోట లేకుండా అడవి మీద బతికే ఇంటికి, అడ్డాకులు, కరక్కాయలు ఏరేవాళ్లకు పనికివస్తాయి. కాఫీకి నేను వాటి జోలికి పోను. ఎగుమతి కంపెనీలు నేరుగా వస్తే ఆ ఏటి ధర చూసి అమ్మండి, అంతే.

పోయిన వారం ఫోను చేసిన అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. వాళ్ల అమ్మ ఆగస్టులో షావుకారు దగ్గర ఎనిమిది వేలు తెచ్చింది. సంఘంలో చేరమని చెబుతాననుకుంది. మొదటి కోత అతనికే తూచి అప్పు తీర్చెయ్యమన్నాను, చీటీ మీద తీరినట్టు రాయించుకుని. రెండో కోత సంఘానికి. పొదుపు గ్రూపులో అమ్మ పేరు జనవరిలో కాదు, ఈ నెలలోనే రాయించమన్నాను. "వంద ఎక్కడిది సార్ ఇప్పుడు?" అంది. మిరియాలు కొంచెం ఉన్నాయట, సంతకు పట్టుకెళతానంది.