ఇల్లు మార్చే సంస్థ, దాని పర్యావరణ హామీలు: ఒక సమీక్ష

వ్యాన్లు అద్దెకివ్వడంతో పాటు ఇంటి సామాన్ల తరలింపు కూడా చేసే ఒక సంస్థ సేవలను ఇటీవల వినియోగించుకున్నాము. సమయపాలనలో గాని, సామాన్ల భద్రతలో గాని, సిబ్బంది మర్యాదలో గాని చెప్పుకోదగిన లోపమేదీ లేదు కనుక ఆ సంగతులను ఇక్కడితో వదిలేస్తాను. ఆ సంస్థ తన కరపత్రంలో ధరల కంటే ముందుగా పర్యావరణ విధానాన్నే అచ్చు వేసుకుంది. ఆ హామీలలో ఎన్ని ఆచరణలో కనబడ్డాయో చెప్పడానికే ఈ సమీక్ష.

అన్నిటికంటే మెచ్చుకోవలసినది మూతలున్న ప్లాస్టిక్ క్రేట్ల ఏర్పాటు. అడగకుండానే వాటిని ముందుగా తెచ్చి ఇచ్చారు, సామాన్లు సర్దుకున్నాక వెనక్కి తీసుకుపోయారు. అట్టపెట్టెను రీసైక్లింగుకు వేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు గాని, కాగితాన్ని మళ్లీ గుజ్జుగా మార్చిన ప్రతిసారీ అందులోని పోగులు పొట్టివై బలహీనపడతాయి, సుమారు 5 నుంచి 7 సార్ల తరువాత కొత్త గుజ్జు కలపక తప్పదు. పాలీప్రొపిలీన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన క్రేటు ఏళ్ల తరబడి ఎన్నో ఇళ్లు తిరుగుతుంది. అయితే దాని తయారీకి ఒక అట్టపెట్టె కంటే చాలా ఎక్కువ పదార్థం, శక్తి ఖర్చవుతాయి కాబట్టి, పదేపదే వాడినప్పుడే ఆ లెక్క లాభంలోకి వస్తుంది. ఖాళీ క్రేట్ల కోసం ప్రతిసారీ ప్రత్యేకంగా ఒక వ్యాను పంపితే ఆ లాభం కాస్తా డీజిల్‌లో కాలిపోతుంది. ఈ చిక్కును ఆ సంస్థ సరిగ్గానే గుర్తించింది. దగ్గరలో వేరే పని పడ్డ రోజునే వచ్చి క్రేట్లు తీసుకువెళతామని ముందే చెప్పింది. అందువల్ల అవి మా హాలులో మేము కోరుకున్న దానికంటే ఎక్కువ కాలమే కూర్చున్నాయి, అయినా ఆ జాప్యాన్ని నేను తప్పుగా లెక్కించడం లేదు.

ఇదివరకు వాడిన అట్టపెట్టెలను కూడా తక్కువ ధరకు ఇస్తారు. తేమ తగిలినా, మూలలు నలిగినా అట్ట బరువు మోసే బలాన్ని బాగా కోల్పోతుంది కాబట్టి వాటిని బట్టలకు, దిండ్లకు మాత్రమే వాడి, పుస్తకాలను క్రేట్లలో పెట్టారు. బీరువాకు, భోజనాల బల్లకు పాత బట్టల పీచుతో కుట్టిన మందపాటి దుప్పట్లు చుట్టారు. సామాన్ల చుట్టూ బిగించి చుట్టే పలుచని ప్లాస్టిక్ పొర, అంటే స్ట్రెచ్ ఫిల్మ్, చాలా తక్కువగానే కనబడింది.

గాజు సామాన్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం వ్యవహారం పలచబడింది. వాటికి చుట్టిన బుడగల ప్లాస్టిక్ "ప్రకృతిలో కలిసిపోతుంది" అని దాని మీదే ముద్రించి ఉంది. ఏ ప్రమాణం ప్రకారమని అడిగితే సిబ్బంది దగ్గర గాని, కార్యాలయంలో గాని సమాధానం దొరకలేదు. మామూలు ప్లాస్టిక్‌లో రసాయనాలు కలిపి త్వరగా ముక్కలయ్యేలా చేసిన రకాలు నేలలో కలిసిపోవు, కంటికి కనిపించనంత చిన్న తునకలవుతాయి. ఐరోపా సమాఖ్య 2019 నాటి చట్టంతో అలాంటి వాటి అమ్మకాన్నే నిషేధించింది. నిజంగా కంపోస్టయ్యే ప్లాస్టిక్ అయినా, చాలా రకాలకు పారిశ్రామిక కంపోస్టు కేంద్రాలలో ఉండేంత వేడి కావాలి, పొరపాటున పాలిథిన్ రీసైక్లింగులో కలిస్తే ఆ సరుకును కూడా పాడుచేస్తుంది. సాధారణ బబుల్ ర్యాప్‌నే జాగ్రత్తగా విప్పి, చుట్టి, తరువాతి ఇంటికి తీసుకువెళ్లి ఉంటే ఇంతకంటే మేలు జరిగేది.

ఇక వాహనాల సంగతి. ఒక లీటరు డీజిల్ కాలితే రమారమి 2.6 నుంచి 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కాబట్టి దూరం కొంచెం పెరిగేసరికి ప్యాకింగు మీద చేసిన పొదుపంతా ఒక్క ఖాళీ తిరుగు ప్రయాణంలో చెల్లిపోతుంది. నా దృష్టిలో ఏ తరలింపు సంస్థనైనా ముందుగా పరీక్షించవలసింది ఇక్కడే. ఈ సంస్థ ముందుగా వీడియోలో ఇంటి సామానంతా చూసి, మేము అడిగిన వ్యాను కంటే చిన్నది చాలునని చెప్పింది, అది నిజంగానే సరిపోయింది. తిరుగు ప్రయాణంలో అదే దారిలో ఉన్న మరొక ఇంటి సామానును ఎక్కించుకునే వీలుంటే మా తేదీని కొద్దిగా జరుపుకుంటారా అని కూడా అడిగింది. తన ఆదాయం తగ్గినా సరే, చిన్న వాహనాన్ని సూచించే సంస్థ మాటకు కరపత్రం కంటే ఎక్కువ విలువ ఇస్తాను. విద్యుత్ వ్యాన్లు కూడా ఉన్నాయి గాని, బ్యాటరీ బరువు వల్ల అవి మోయగల సరుకు తగ్గుతుందని, మా దూరానికి, బరువుకు డీజిల్ వాహనమే పంపవలసి వస్తుందని దాచకుండా చెప్పారు.

అంత నిజాయితీ ఉన్న సంస్థ కరపత్రంలో యాడ్‌బ్లూ వాడకాన్ని భూతాపాన్ని తగ్గించే చర్యల పట్టికలో చేర్చడం ఆశ్చర్యం కలిగించింది. అది డీజిల్ వాహనాలలో వాడే, 32.5 శాతం యూరియా ఉన్న ద్రావణం. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లను తగ్గించి గాలిని శుభ్రపరచడానికి అది అవసరమే గాని, కార్బన్ డయాక్సైడ్ విషయంలో దాని వల్ల ఒరిగేదేమీ లేదు. ఐఎస్ఓ 14001 ధ్రువపత్రం కూడా అదే పుటలో మెరుస్తోంది. సంస్థలో పర్యావరణ నిర్వహణకు ఒక పద్ధతి ఉన్నదని అది చెబుతుంది, పొగ ఎంత, చెత్త ఎంత అన్న పరిమితులేవీ విధించదు. మొక్కలు నాటే పథకం గురించి రెండు వాక్యాలే ఉన్నాయి, నేను ఒక్క వాక్యంతో సరిపెడతాను.

అసలు బలహీనత వదిలించుకునే సామాను దగ్గర బయటపడింది. పాత ఫ్రిజ్, సోఫా, స్ప్రింగుల పరుపు, కాలిపోయిన ట్యూబ్‌లైట్లు తీసుకుపోవడానికి విడిగా రుసుము తీసుకుని, "అన్నీ రీసైక్లింగుకే వెళతాయి" అని హామీ ఇచ్చారు. రసీదులో మాత్రం బరువు లేదు, అవి చేరే చోటు లేదు. ఇది చిన్న విషయం కాదు. పాత ఫ్రిజ్‌లలో చల్లదనం కోసం వాడిన ఆర్-134ఏ వాయువుకు వందేళ్ల లెక్కన భూతాపాన్ని పెంచే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా ఉంటుంది. కొత్తవాటిలో వాడే ఐసోబ్యూటేన్‌కు ఆ దోషం లేదు గాని, తేలికగా అంటుకుంటుంది. ఏదైనా సరే, తెలిసినవారు యంత్రంతో వాయువును లాగేసిన తరువాతే ఫ్రిజ్‌ను విడదీయాలి. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, అవి వ్యానులో ఒక మూల మామూలు చెత్త సంచిలో కనబడ్డాయి. నేను ఉత్తరం రాసి అడిగిన మీదట ఫ్రిజ్‌కు సంబంధించి విడదీసే కేంద్రం ఇచ్చిన పత్రం పంపారు. సోఫా, పరుపు ఏమయ్యాయో ఇప్పటికీ తెలియదు. ఉక్కు స్ప్రింగులను ఫోమ్ నుంచి వేరుచేయడం శ్రమతో కూడిన పని గనుక అది జరిగిందని కాగితం చూపనిదే నమ్మడం కష్టం. "డంపింగ్ యార్డుకు ఏదీ పంపము" అన్న వారి మాటలో కూడా, కాల్చివేసినది ఎంతో చెప్పనవసరం లేని వెసులుబాటు ఉంది.

సామాను సర్దడానికి, మోయడానికి అయితే ఈ సంస్థనే మళ్లీ పిలుస్తాను, తేదీ కాస్త సడలించుకోగలిగిన వారికి సిఫారసు కూడా చేస్తాను. ఫ్రిజ్, ట్యూబ్‌లైట్లు, బ్యాటరీల వంటివి వదిలించుకోవలసి ఉంటే మాత్రం వాటిని వీరికి అప్పగించకుండా, బరువు, చేరిన చోటు రాసి రసీదు ఇచ్చే అధీకృత సేకరణ కేంద్రానికి తరలింపుకు ముందే విడిగా పంపించుకోవాలి.