పాత షెవెల్‌కి పాత ఇంజనా, ట్రక్కు ఇంజనా: డబ్బు తక్కువున్నప్పుడు ఏది మేలు?

మూడేళ్ల కిందట డాలస్ దగ్గర ఇద్దరం ఒకే నెలలో రెండు పాత షెవ్రోలే షెవెల్ కార్లు కొన్నాం. నాది 1971 మాలిబు రకం. నాతో పనిచేసే ఖమ్మం అన్నది 1972. రెండింట్లోనూ 350 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, మూడు గేర్ల ఆటోమేటిక్. రెండూ ఆయిల్ కాలి నీలం పొగ వదులుతున్నాయి. నేను ఉన్న ఇంజన్నే విప్పి బాగుచేయించాను. అన్న దాన్ని దించేసి, జంక్‌యార్డ్ నుంచి సిల్వరాడో ట్రక్కు తాలూకు 5.3 లీటర్ల ఇంజన్ తెచ్చి ఎక్కించాడు. ఆ ఇంజన్ల కుటుంబం పేరు ఎల్ఎస్, అందుకే ఇక్కడివాళ్లు ఈ మార్పిడిని ఎల్ఎస్ స్వాప్ అంటారు. ఇప్పుడు రెండు బండ్లూ రోడ్డు మీద ఉన్నాయి. మాకూ ఒకటి చేసుకోవాలనుంది, ఏ దారిలో వెళ్లమంటావ్ అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: చేతిలో డబ్బు తక్కువుంటే 350నే ఉంచుకోండి.

మొదట లెక్క దీనికి ఎదురుగానే కనిపిస్తుంది. అన్నకి ఇంజన్, గేర్‌బాక్స్, వైరింగ్, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ అన్నీ కలిపి 1,100 డాలర్లకే వచ్చాయి. నాకు సిలిండర్ల బోరింగ్, పిస్టన్లు, బేరింగులు, క్యామ్ (వాల్వులు తెరిపించే షాఫ్ట్) అన్నీ కలిపి 2,900 దాటింది. అయితే అన్న అసలు ఖర్చు ఇంజన్ ఇంటికొచ్చాక మొదలైంది. ట్రక్కు ఆయిల్ ప్యాన్ లోతుగా ఉంటుంది, షెవెల్ కింద పట్టదు, వేరేది కొనాలి. ఇంజన్ మౌంట్లు కలవవు, మధ్యలో ప్లేట్లు కావాలి. ఏసీ కంప్రెసర్ ఛాసిస్‌కి తగులుతుంది. సైలెన్సర్ పైపులు కొత్తగా వంచి వెల్డింగ్ చేయించాలి. అన్నిటికంటే పెద్దది పెట్రోల్ సంగతి. పాత ఇంజన్లో పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బ్యురేటర్‌కి ఆరేడు పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి చాలు, 5.3కి దాదాపు 58 కావాలి. అంటే ట్యాంకు లోపల పంపు, కొత్త పైపులు, ఫిల్టర్. కంప్యూటర్‌లోని దొంగల నిరోధక లాక్ తీయించి మళ్లీ ట్యూన్ చేయించాలి. స్పీడోమీటర్ కేబుల్‌తో నడిచేది, కొత్త గేర్‌బాక్స్‌కి కేబుల్ ఉండదు. తడిసి మోపెడై 6,500 దగ్గర ఆగింది.

నాకు మిగిలిన డబ్బు ఎక్కడికి పోయిందో చెప్తాను, ఎందుకంటే నా మాటకి ఆధారం అదే. వెనక అద్దం చుట్టూ ఉన్న స్టీలు పట్టీ ఊడదీసి, దాని కింద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా నొక్కాను. అప్పడంలా విరిగి లోపలికి దిగింది. ఈ తరం షెవెల్‌లకి ఇది మామూలు జబ్బు. అద్దం అంచున నీళ్లు నిలబడి తుప్పు పట్టి, అక్కడినుంచి డిక్కీలోకి కారి డిక్కీ అడుగు కూడా తినేస్తాయి. పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించడానికి 1,700 అయింది. ఇక నా బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. వానలో గట్టిగా తొక్కితే బండి ఎడమకి లాగేది. మా పాప వెనక సీట్లో కూర్చున్న రోజు అలా లాగింది, ఆ రాత్రే ముందు చక్రాలకి డిస్క్ బ్రేకుల కిట్ ఆర్డర్ పెట్టాను. అన్న అదే డబ్బు ఇంజన్‌లో పోసి, డ్రమ్ములతో ఏడాది పైగా నడిపాడు. అంత బలమైన ఇంజన్‌ని ఆ బ్రేకులతో నడపడం నాకు ఇప్పటికీ భయమే.

బలం మాటకొస్తే 5.3దే పైచేయి. 1971 కాగితాల్లో రెండు బ్యారెళ్ల (గాలి దారుల) కార్బ్యురేటర్ ఉన్న 350కి 245 హార్స్‌పవర్ అని ఉంటుంది. 1972లో అదే ఇంజన్‌కి 165 అని రాశారు. ఇంజన్ మారలేదు, కొలత మారింది. మొదట్లో ఒట్టి ఇంజన్‌ని బల్ల మీద పెట్టి కొలిచేవారు, తర్వాత సైలెన్సర్, ఆల్టర్నేటర్ అన్నీ బిగించి కొలవడం మొదలుపెట్టారు. ట్రక్కు 5.3 ఈ రెండో లెక్కలోనే 280 పైన ఇస్తుంది. నేను నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్, కాస్త పెద్ద క్యామ్, రెండు సైలెన్సర్లు పెట్టాను, అయినా అన్న బండిని అందుకోలేను. హైవే మీద తేడా ఇంకా ఎక్కువ. గంటకి 70 మైళ్ల దగ్గర నా ఇంజన్ నిమిషానికి 3,000 చుట్ల దగ్గర తిరుగుతుంటే, నాలుగో గేరు ఉన్న అన్నది 2,000 దగ్గర నింపాదిగా ఉంటుంది. చలికాలం పొద్దున్న తాళం తిప్పగానే స్టార్టవుతుంది కూడా. రోజూ ఆఫీసుకి నలభై మైళ్లు దీన్నే తోలాలనుకునేవాళ్లకి ఎల్ఎస్ దారే మేలు. పాత ఇంజన్ బ్లాక్ పగిలిపోయి ఉన్నా అంతే. తెచ్చుకుంటే 1999 నుంచి 2006 లోపు ఇనుప బ్లాక్‌ది తెచ్చుకోండి. తర్వాతి చాలా 5.3ల్లో పెట్రోల్ ఆదా కోసం నాలుగు సిలిండర్లు ఆపేసే ఏర్పాటు ఉంది, దాని లిఫ్టర్లు (వాల్వుల్ని కదిలించే ముక్కలు) పాడవడం బాగా తెలిసిన బాధ.

మరి 350 మీద నాకెందుకింత మమకారం? అది నా చేతికి అర్థమవుతుంది. గుంటూరులో మా మేనమామ అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. బండి మొరాయిస్తే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, ప్లాటినం పాయింట్లు ఎమెరీ పేపర్‌తో రుద్ది, మళ్లీ మూత పెట్టేవాడు. పదేళ్లవాడిగా పక్కన నిలబడి టార్చి పట్టింది నేనే. యాభై ఏళ్ల అమెరికా వీ8 మూత తీస్తే లోపల అవే పాయింట్లు! వాటి బదులు 1970ల మధ్యలో షెవ్రోలే మాతృసంస్థ జీఎం తెచ్చిన, పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ హెచ్‌ఈఐ డిస్ట్రిబ్యూటర్ పెట్టుకుంటే ఆ రుద్దుడు తప్పుతుంది, ఖర్చూ తక్కువే. దానికి నిండా 12 వోల్టులు ఇచ్చే వైరు వేయడం మాత్రం మర్చిపోకండి. పాయింట్లకిచ్చే పాత వైరు వోల్టేజి తగ్గించి ఇస్తుంది.

350లో జాగ్రత్త పడాల్సిన ఘట్టం మొదటి స్టార్ట్. పాతరకం క్యామ్ వేస్తే, స్టార్టయిన క్షణం నుంచి ఇరవై నిమిషాల పాటు ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లకి తగ్గకూడదు, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయాలి. లేదంటే కొత్త క్యామ్ ఆ రోజే అరిగిపోతుంది. అన్న థ్రాటిల్ పట్టుకున్నాడు, నేను ఒక చేత్తో రేడియేటర్ మీద నీళ్ల పైపు, కళ్లు ఆయిల్ ప్రెషర్ ముల్లు మీద. ఆ ఇరవై నిమిషాల టెన్షన్ ఎప్పటికీ మర్చిపోలేను.

పెట్టెలో సిద్ధంగా వచ్చే కొత్త క్రేట్ ఇంజన్ కొనడం మూడో దారి, కానీ అది డబ్బున్నవాళ్ల మాట. కార్బ్యురేటర్ స్థానంలో బిగించే, కంప్యూటర్‌తో పెట్రోల్ చిమ్మే ఈఎఫ్ఐ కిట్లు బాగుంటాయి, వాటికీ ఎక్కువ ఒత్తిడి పంపు కావాలి. అది తర్వాతైనా పెట్టుకోవచ్చు.

ఏ దారిలో వెళ్లినా, పాత షెవెల్ కొనేటప్పుడు ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్ అనే గిరాకీ ఉన్న రకం) అని చెప్పి ఎక్కువ ధర అడిగితే నమ్మేయకండి. 1971 షెవెల్ విన్ నంబర్‌లో (కారు మీద కంపెనీ వేసే గుర్తింపు నంబర్) అది ఎస్ఎస్సో కాదో తెలియదు, బ్యాడ్జీలు ఎవరైనా అంటించొచ్చు. ట్యాంకు దించినప్పుడు దాని పైభాగం చూడండి, బండిలో ఏమేం బిగించారో రాసిన ఫ్యాక్టరీ కాగితం కొన్నిసార్లు అక్కడే ఇరుక్కుని ఉంటుంది. నాది సగం ఎలుకలు కొట్టేశాయి, అయినా ఇంజన్ గడి చదవగలిగాను. ఎల్ఎస్ పెట్టినవాళ్లు దించిన 350ని అమ్మేయకండి. బ్లాక్ ముందు భాగంలో కొట్టిన అంకెలు కారు విన్ నంబర్‌తో కలిస్తే, రేపు కొనేవాడికి ఆ ఇంజన్ కావాలి. అన్నది గ్యారేజ్ మూలలో, నూనె పూసి, టార్పాలిన్ కింద భద్రంగా ఉంది.