జాగ్రత్త: జేబులో పట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పిల్లల జ్వరం చూడకండి

చంటిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్లవాళ్లు ఇది దయచేసి పూర్తిగా చదవండి. ముట్టుకోకుండానే వేడి చెప్పే చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతున్నాయి. తాళంచెవుల గుత్తికి తగిలించుకునేంత చిన్నవి. జ్వరానికీ, వంటకూ, మోటారుకూ ఒక్కటి చాలని ప్రకటన. నేను కొన్నది అలాంటిదే. అమ్మకపు పేజీలో మొదటి బొమ్మే ఒక పసిపాప నుదుటికి గురిపెట్టిన పరికరం. పెట్టెలో మడిచి పెట్టిన కాగితం చివర్లో మాత్రం, చీమ తలంత అక్షరాల్లో, ‘మనిషి శరీర ఉష్ణోగ్రత కొలవడానికి ఉద్దేశించినది కాదు’ అని వాళ్లే రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యం పేజీలో ఎక్కడా లేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మాది నల్గొండ. మా చెల్లెలు దేవరకొండ నుంచి రెండేళ్ల బాబును తీసుకొని వచ్చింది. సాయంత్రానికి పిల్లాడు డీలా పడ్డాడు. పాలు ముట్టలేదు, తల ఎత్తలేదు. ఆ పరికరం నుదుటికి ఎదురుగా పెట్టి మీట నొక్కితే 96.4 అని పడింది. మళ్లీ నొక్కితే 97.1. “అక్కా, ఒళ్లు పెనంలా కాలుతోంది, ఇదేమో జ్వరమే లేదంటోంది” అని చెల్లెలు కంగారు పడింది. మా అమ్మ బాబు పొట్ట మీద అరచెయ్యి ఆనించి, “అంకెల సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి పదండి” అంది. అక్కడ నర్సు మామూలు డిజిటల్ థర్మామీటర్ చంకలో పెట్టి, బీప్ వచ్చాక తీసి చూపించింది: 102.6. అయిదు డిగ్రీలకు పైగా తేడా! వానాకాలంలో, డెంగీ, మలేరియా తిరిగే రోజుల్లో, ఒక అంకె చూసి పిల్లాడిని పడుకోబెట్టి తెల్లవారేదాకా ఆగే తల్లులు ఎందరుంటారో ఆలోచించండి. బాబు కోలుకున్నాడు, ఇప్పుడు బాగున్నాడు.

తర్వాత నేను ఆ కాగితం మొత్తం చదివాను. పరికరం ఎందుకు అలా చెప్పిందో అందులోనే ఉంది. కచ్చితత్వం దగ్గర ‘2 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ’ అని రాశారు. వంటకు ఇది చిన్న తేడానే. 180 డిగ్రీల నూనె 182 చూపిస్తే బజ్జీలకు ఏమీ కాదు. కానీ శరీరానికి మామూలు వేడి 37 సెల్సియస్, అంటే 98.6 ఫారెన్‌హీట్. 38 దాటితే, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే జ్వరం. ఆరోగ్యానికీ జ్వరానికీ మధ్య ఉన్నది దాదాపు ఒక్క డిగ్రీ. రెండు డిగ్రీల సెల్సియస్ అంటే ఫారెన్‌హీట్‌లో 3.6. అంటే నిజంగా 100.4 ఉన్న చోట ఇది 96.8 చూపించినా, 104 చూపించినా తయారీదారు లెక్కలో పరికరం బాగానే పనిచేస్తున్నట్టు! జ్వరం కోసమే చేసిన మంచి థర్మామీటర్లలో ఈ తేడా 0.2, 0.3 సెల్సియస్‌కు మించదు. కాబట్టి కొనేముందు ధర కంటే ముందు చూడాల్సిన అంకె ఇది. పేజీలో ఆ అంకె ఇవ్వకపోతే కొనకండి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఈ పరికరం లోపలి వేడిని చూడలేదు, పై పొరనే చూస్తుంది. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలు వెలువరిస్తుంది. లోపలి సెన్సర్ వాటిని అందుకొని అంకెగా మారుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నుదుటి చర్మం శరీరం లోపలి కంటే చల్లగా ఉంటుంది, చాలాసార్లు 33 నుంచి 35 సెల్సియస్ దగ్గర. జ్వరం కోసం చేసిన గన్‌లలో, అంటే తుపాకీలా పట్టుకొని గురిపెట్టే థర్మామీటర్లలో, ఈ తేడాను లెక్కగట్టి కలిపే ఏర్పాటు ఉంటుంది. అందుకే వాటిలో ‘బాడీ’, ‘సర్ఫేస్’ అని రెండు పద్ధతులు ఉంటాయి. నేను కొన్నదానిలో ఆ ఏర్పాటే లేదు. నుదురైనా, గోడైనా, గిన్నె అయినా దానికి ఒక్కటే. చెమట పట్టిన నుదురైతే ఇంకా తక్కువ చెబుతుంది. కూలర్ ముందు పడుకున్న పిల్లాడికీ అంతే. ఎండలోంచి వచ్చినవాడికి ఉత్తపుణ్యానికి ఎక్కువ చెబుతుంది.

దూరం విషయంలో కూడా మోసపోతాం. యంత్రాల వేడి చూసే పెద్ద గన్‌లపై 12:1 లాంటి అంకె రాసి ఉంటుంది. పన్నెండు సెంటీమీటర్ల దూరం నుంచి అది ఒక్క సెంటీమీటర్ వృత్తాన్ని చూస్తుందని దాని అర్థం. జేబు పరికరాల్లో చాలావాటికి ఇది 1:1. పది సెంటీమీటర్ల దూరంలో పెడితే పది సెంటీమీటర్ల వెడల్పు వృత్తం మొత్తాన్ని కలిపి సగటు చెబుతుంది. రెండేళ్ల పిల్లాడి నుదురు అంత ఎక్కడ ఉంటుంది? జుట్టు, కనుబొమ్మలు, వెనక దిండు, అన్నీ ఆ లెక్కలోకి వచ్చేస్తాయి. ఎర్రచుక్క నుదుటి మధ్యన పడింది కదా అనుకుంటాం. ఆ లేజర్ చుక్క గురి చూపించడానికే, కొలిచేది అది కాదు.

ఆ లేజర్ గురించి ఒక మాట. కరోనా రోజుల్లో, 2020లో, ఈ గన్‌ల కిరణాలు మెదడుకు హాని చేస్తాయని పుకారు పుట్టింది. అది తప్పు. థర్మామీటర్ పరారుణ కిరణాలను అందుకుంటుందే తప్ప పంపదు. లేజర్ మాత్రం వేరు, అది కంట్లో పడితే నిజంగా ప్రమాదం. పిల్లల కదిలే తల దగ్గర దాన్ని పట్టుకోవడం ఎంతమాత్రం మంచిది కాదు. లేజర్‌తో ఎర్రచుక్క వేసే పరికరం చాలావరకు జ్వరానికి చేసింది కాదు. నేను కొన్నదానిలో మరో ప్రమాదం కూడా ఉంది. బటన్ బ్యాటరీల మూతకు స్క్రూ లేదు, గోటితో లాగితే ఊడి వస్తోంది. పిల్లలు అలాంటి బ్యాటరీ మింగితే కొద్ది గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. అలాంటిది ఎవరి చేతిలోనైనా చూస్తే వెంటనే తీసి పైన పెట్టండి.

ఇక మన ఎండల సంగతి. జ్వరం చూసే మంచి గన్‌లకు కూడా ఒక హద్దు ఉంటుంది: చుట్టూ ఉన్న గాలి 35 లేదా 40 డిగ్రీలు దాటకూడదని వాటి కాగితాల్లో రాస్తారు. నల్గొండలో మే నెలలో బయట 44, 45 పడుతుంది. రేకుల ఇంట్లో మధ్యాహ్నం లోపల కూడా కూర్చోలేం. అలాంటి వేళ ఏ గన్ చెప్పినా నమ్మకండి. ఏసీ గదిలోంచి వరండాలోకి తెచ్చి వెంటనే నొక్కినా తప్పు చెబుతుంది. పరికరం ఆ గది వేడికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు వదిలేయాలి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో దాన్ని మరచిపోతే ఇక దాని లెక్కలు కుదురుతాయన్న నమ్మకం నాకు లేదు.

దీన్ని పారేయమని మాత్రం నేను అనడం లేదు. పై పొర వేడి తెలియాల్సిన చోట బాగా పనికొస్తుంది. దోసె పెనం నూనె పట్టి నల్లబడిన ఇనుపదైతే సరిగ్గా చెబుతుంది. పాలు తోడు పెట్టేముందు గరిటెతో కలిపి, గిన్నె గోడకు కాకుండా పాల మీదికే దగ్గరగా పెట్టి చూస్తే 40, 43 సెల్సియస్ మధ్య ఉండగా తోడు వేయవచ్చు. ఆవిరి పైకి లేస్తుంటే ఆగండి, ఆవిరి అడ్డొస్తుంది. మా పొలంలో బోరు మోటారు స్టార్టర్ డబ్బా దగ్గర వైరు బిగింపుల్లో ఏది వేడెక్కుతోందో ముట్టుకోకుండా తెలుసుకోవడానికి మా తమ్ముడు వాడుతున్నాడు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో మోటారు బేరింగుల వేడి చూసే పనికి కూడా ఇది మంచిదే.

కానీ మెరిసే లోహంతో జాగ్రత్త! తళతళలాడే స్టీలు, అల్యూమినియం వాటి వేడిని చాలా తక్కువగా వెలువరిస్తాయి, చుట్టూ ఉన్న వేడిని అద్దంలా తిప్పి పంపుతాయి. స్టవ్ మీదినుంచి దించిన స్టీలు గిన్నెకు గురిపెడితే నాకు 41 సెల్సియస్ అని పడింది. అదే గిన్నె పక్కన నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క అంటించి, టేపుకు దగ్గరగా పెడితే అంకె 80 దాటింది. గిన్నె ఒక్కటే, వేడి ఒక్కటే. 41 అని నమ్మి ఎవరైనా చెయ్యి పెడితే చర్మం ఊడిపోతుంది. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకునేవాళ్లు కూడా గమనించండి. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ పరికరం చెప్పేది ఇన్సులిన్ డబ్బా అట్ట వేడిని మాత్రమే. అందుకు ఫ్రిజ్ లోపల పెట్టే మామూలు థర్మామీటరే నయం.

అమ్మినవాళ్ల దగ్గరికి వద్దాం. ఫిర్యాదు చేస్తే మొదట ‘బ్యాటరీ మార్చి చూడండి’ అన్నారు. మార్చాను, అదే తీరు. తర్వాత ‘పెట్టె తెరిచిన వైద్య వస్తువు వాపసు తీసుకోం’ అన్నారు. వైద్య వస్తువు కాదని మీ కాగితమే చెబుతోంది కదా అని ఫొటో పంపితే సమాధానం ఆగిపోయింది. అమ్మేటప్పుడు జ్వరానికి, వాపసు అడిగితే వైద్య వస్తువు, నిలదీస్తే మౌనం. డబ్బా తిరగేసి చూస్తే దిగుమతి చేసినవాళ్ల పేరు లేదు, చిరునామా లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఇవన్నీ ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నియమాలే చెబుతున్నాయి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే అక్కడ రుసుము లేదు. పేజీలోని బొమ్మ, బిల్లు, డబ్బా నాలుగు వైపుల ఫొటోలు, వాళ్లతో జరిగిన సంభాషణ అన్నీ దాచిపెట్టాను. మీరూ దాచుకోండి, ఎందుకంటే ఫిర్యాదు వెళ్లాక పేజీలో ఆ పసిపాప బొమ్మ మాయమైంది.

ఇప్పటికే కొన్నవాళ్లు వాపసు గడువు ముగియక ముందే ఈ పరీక్ష చేయండి. ఐసు ముక్కలు మెత్తగా దంచి గిన్నె నిండా వేసి, కొంచెం చల్లటి నీళ్లు పోసి, బాగా కలిపి అయిదు నిమిషాలు ఆగండి. మళ్లీ కలిపి, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు నుంచి నిటారుగా చూడండి. సున్నా సెల్సియస్‌కు రెండు డిగ్రీలు అటూ ఇటూగా రావాలి. ‘బాడీ’ పద్ధతి ఉన్న పరికరమైతే, ఆ పద్ధతిలో పెట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చూపించండి. ‘లో’ అని రావాలి. చల్లటి సీసాకు కూడా 97, 98 అని వస్తే అది కొలవడం లేదు, మనకు నచ్చే అంకె చూపిస్తోంది. వెంటనే తిప్పి పంపండి. ఇంట్లో జ్వరం కోసం మాత్రం మందుల దుకాణంలో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని ఉంచండి. పిల్లలకు చంకలో, చెయ్యి ఒంటికి ఆనించి, బీప్ వచ్చేదాకా పట్టుకోండి.