అమీన్‌పూర్ చెరువుకు వెళ్లండి, ప్యాకేజీలో మాత్రం వద్దు

హైదరాబాద్ శివారులోని ఈ చెరువు దగ్గర పక్షుల్ని చూపించే ప్యాకేజీకి మనిషికి 1,200 రూపాయలు. బాపుకీ నాకూ కలిపి 2,400 కట్టాను. మియాపూర్ మెట్రో దగ్గర వ్యాన్ ఎక్కిస్తాం, బైనాక్యులర్లు ఇస్తాం, టిఫిన్ పెడతాం, పక్షులు తెలిసిన గైడ్ ఉంటాడు అన్నారు. వ్యాన్ 40 నిమిషాలు లేటు. పదకొండు మందికి ఒక్కటే బైనాక్యులర్. ఇడ్లీలు చల్లారి గట్టిపడ్డాయి. అంతవరకైతే మర్చిపోయేవాణ్ణే.

మేం వెళ్లింది ఆగస్టులో. నీటిపక్షులు గూళ్లు పెట్టే కాలం. కట్ట మీద నిలబడి చూపించాల్సిన గైడ్, "దగ్గర్నుంచి ఫోటోలు బాగా వస్తాయి" అంటూ అందర్నీ జమ్ములోకి దింపాడు. పైగా చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపాడు. తెల్ల రెక్కలు, పొడుగు తోక ఉన్న జకానా అనే నీటిపక్షి ఒకటి అరుస్తూ లేచింది. అది కూర్చున్న చోట, నీళ్ల మీద తేలే ఆకుల్లో నాలుగు గుడ్లు. చింతగింజల్లా నున్నగా మెరుస్తున్నాయి. ఈ పక్షుల్లో పొదిగేది మగదే. ఆడది గుడ్లు పెట్టి ఇంకో మగపక్షి దగ్గరికి వెళ్లిపోతుంది. ఆ తండ్రి రాకపోతే గుడ్లు కాకుల పాలే.

"పొదిగే పిట్టను లేపుతవా? ముందు బయటికి రా!" అని బాపు అరిచాడు.

"పైసలు కట్టినోళ్లు చూడొద్దా అంకుల్?" అన్నాడు వాడు.

బాపు ఇంటికొచ్చేదాకా నాతో కూడా మాట్లాడలేదు.

ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటి చెరువు ఇది. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఒక మూల మురుగు వాసన, గుర్రపుడెక్క. ఇంత ఇరుకులోనూ పక్షులు గూడు పెట్టుకోవడానికి మిగిలిన చాటు ఆ జమ్మే. దాన్ని తొక్కడానికి మనం డబ్బులివ్వకూడదు.

తర్వాతి ఆదివారం మేమిద్దరమే వెళ్లాం. మియాపూర్ నుంచి ఆటో 180, చాయ్ 15. ఆరింటికల్లా కట్ట మీదుంటే చాలు, గైడ్ అక్కర్లేదు. భుజాన వల వేసుకుని ఎదురొచ్చిన చేపలాయనను ఆ గూడు గురించి బాపు అడిగాడు.

"ఈడ్నే నిలబడుండ్రి సార్, ముంగటికి పోకుండ్రి. మేతకు పోయింది, మళ్ల వస్తది."

ఇరవై నిమిషాలకు వచ్చింది. పొడుగు వేళ్లతో ఆకు మీంచి ఆకు మీదికి నడుస్తూ, ఆగి అటూ ఇటూ చూసి, సరిగ్గా ఆ చోటే కూర్చుంది. బాపు గంటన్నర అక్కణ్ణుంచి కదల్లేదు.