మిడ్ డ్రైవ్ సైకిల్‌కి క్లచ్ మన కాళ్లే: స్టుట్‌గార్ట్ ఎక్కుడు మీద గేర్ల ముచ్చట

బ్యాటరీ ఎంత, ఒక్క చార్జికి ఎంత దూరం, డిస్‌ప్లే ఎలా ఉంది లాంటివి ఇక్కడ రాయడం లేదు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. నిట్టనిలువు ఎక్కుడులో మోటారు గట్టిగా లాగుతుండగా చప్పుడు లేకుండా గేర్ మారుతుందే, ఆ క్షణం గురించి. ఏళ్లుగా ఇదే ఎలక్ట్రిక్ సైకిల్ తొక్కుతున్నా ఆ సంతోషం నాకు పాతబడలేదు.

నేనుండేది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, కొండ మీది డేగర్లోఖ్ పేటలో. ఆఫీసు కింద, లోయలో ఉన్న సిటీ సెంటర్లో. అక్కడి మరీయన్‌ప్లాట్స్ నుంచి మా పేటకు పళ్లున్న పట్టాను పట్టుకుని కొండెక్కే రైలు ఒకటి నడుస్తోంది, 1884లో మొదలైనది. రెండు కిలోమీటర్ల పైచిలుకు దారిలో 200 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతుంది. బాగా నిటారుగా ఉన్నచోట వాలు 17.8 శాతం. సైకిళ్లు పెట్టుకోవడానికి దాని ముందు ఒక ట్రాలీ ఉంటుంది. సైకిళ్లను పైకి మాత్రమే మోస్తారు, కిందికి తీసుకురారు. ఎక్కుడు ఎలాంటిదో చెప్పడానికి ఆ ఒక్క రూలు చాలు. ఆ పట్టాల వెంబడే ఆల్టె వైన్‌ష్టైగె అనే పాత రోడ్డు ఉంది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేది దాని మీదే.

హబ్ మోటారు చక్రంలోనే ఉంటుంది కాబట్టి దాని బలం చైన్ మీద పడదు. మిడ్ డ్రైవ్ మోటారు ఉండేది పెడళ్ల దగ్గర. మన కాళ్ల బలం, మోటారు బలం కలిసి ఆ సన్నని చైన్ మీదుగానే వెనక చక్రానికి చేరాలి. చట్టం ప్రకారం ఇది 250 వాట్ల మోటారే, 25 కిలోమీటర్ల వేగం దాటాక సాయం ఆపేస్తుంది. కానీ 250 అన్నది నిలకడగా ఇచ్చే శక్తి లెక్క. ఎక్కుడులో కాసేపు అంతకు రెట్టింపు కూడా ఇస్తుంది. నా మోటారు టార్క్, అంటే తిప్పే బలం, 85 న్యూటన్ మీటర్లు. మామూలు సైకిల్ కోసం పుట్టిన చైన్, క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి) ఇంత భారం మోస్తున్నాయి.

క్యాసెట్లో చిన్న చక్రం మీది చైన్ పెద్ద చక్రం మీదికి ఎక్కాలంటే, చక్రం చుట్టూ కొన్ని చోట్ల మాత్రమే అందుకు వీలుగా గాట్లు ఉంటాయి. బిగుసుకుపోయిన చైన్ ఆ గాటు దగ్గరికొచ్చినా పక్కకు జరగదు. రెండు చక్రాల మధ్య ఇరుక్కుని, చివరికి ‘టక్’మని పడుతుంది. ఆ దెబ్బ పళ్లకూ తగులుతుంది, చైన్ పిన్నులకూ తగులుతుంది. మోటార్‌సైకిల్ అయితే క్లచ్ పట్టి గేర్ మారుస్తాం. ఇక్కడ ఆ పని మన కాళ్లే చేయాలి.

ఆ పని ఎలా చేయాలంటే, ముందు పెడల్ మీద కాలి బరువు తీసేయాలి. తిప్పడం మాత్రం ఆపకూడదు. పెడళ్లు ఒకటి పైన, ఒకటి కింద ఉన్నప్పుడు కాళ్ల బలం ఎలాగూ తక్కువే, ఆ చోటు చూసుకుంటే ఇంకా తేలిక. నా మోటారులో కాలు ఎంత బలంగా తొక్కుతోందో చూసే టార్క్ సెన్సర్ ఉంది. కాలు తేలికైందని తెలియగానే మోటారూ తగ్గుతుంది, కాకపోతే ఒక రెప్పపాటు ఆలస్యంగా. అందుకే కాలు తేలికవడం ముందు, గేర్ లివర్ నొక్కడం తర్వాత. చైన్ కొత్త చక్రం మీద కూర్చున్నాక మళ్లీ బరువు వేయాలి. అంతా కలిపితే పెడల్ అర చుట్టో ముప్పావు చుట్టో. బావిలో చేద లాగుతూ తాడు మీద చేతులు మార్చేటప్పుడు ఒక ఒడుపు ఉంటుంది చూడండి, పట్టు సడలుతుంది కానీ బిందె జారదు. అచ్చం అలాగే. అది కాళ్లకు పట్టుబడ్డాక సైకిల్ వేగం తగ్గినట్టే తెలియదు. చైన్ మారిన చప్పుడు కూడా చెవి పెట్టి వింటే తప్ప వినపడదు.

ఒక్కొక్క గేరే మార్చాలి. వాలు నిటారుగా అయ్యే మలుపుకి ముందే మార్చాలి, మలుపులోకి వెళ్లాక కాదు. రెడ్ లైట్ దగ్గర ఆగే ముందే కింది గేర్లోకి వచ్చేయాలి, ఎందుకంటే చైన్ కదలకుండా గేర్ మారదు. ట్యూబింగర్ ష్ట్రాసె చివర సిగ్నల్ పడిందంటే నా బొటనవేలు దానంతటదే లివర్ మీదికి పోతుంది.

గేర్ మారడాన్ని మోటారే పసిగట్టి బలం తగ్గించుకుంటుందని బ్రోషర్లో రాశారు. చదును రోడ్డు మీద అది నిజమే. 15 శాతం దాటిన వాలులో, మోటారు ఎక్కువ సాయం ఇచ్చే మోడ్‌లో ఆ తగ్గింపు చాలదు.

ఇక గొడవ సంగతి. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు, తడి, సన్న ఇసుక కలిసి చైన్‌ని తినేస్తాయి. నిరుడు చలికాలం వెళ్లాక కొలిస్తే చైన్ సాగుదల 0.5 శాతం దాటింది. ఈ రకం సన్న చైన్లకు మార్చాల్సిన గీత అదే. ఒక షాపులో ఇస్తే కొత్త చైన్ వేసి, క్యాసెట్ అలాగే ఉంచి పంపించారు. ఆ క్యాసెట్ మీద అంతకు ముందు కూడా చైన్లు మారాయి, ఆ సంగతి వాళ్ల రికార్డులోనే ఉంది.

ఆ సాయంత్రం వైన్‌ష్టైగె మీద గేర్ మెత్తగానే మారింది. బరువు వేయగానే చైన్ పళ్ల మీంచి జారింది. పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరిగి, నా మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. పక్కనే కారు. ఆ నొప్పి కన్నా ఆ భయం ఎక్కువ రోజులు ఉంది. తర్వాత గమనిస్తే జారేది రెండు గేర్లలోనే, ఎక్కుడులో నేను రోజూ వాడే ఆ రెండింటిలో. మిగతావి నిశ్శబ్దం. గేర్ మారేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు, మారాక బలం పడితేనే జారుతోంది. అంటే కేబుల్ సెట్టింగ్ కాదు, పళ్ల అరుగుదల. షాపులో ఇదంతా వివరంగా చెప్పాను. మోటారు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే పోతుందన్నారు. చేశారు. పోలేదు. మళ్లీ వెళ్తే నేను తొక్కే తీరే బాగాలేదన్నారు. ఏళ్ల తరబడి కాళ్లతో నేర్చుకున్న విషయాన్ని అలా తీసిపారేస్తే కోపం రాదా? ఇప్పటికీ ఆ షాపు ముందు నుంచి వెళ్తే నాకు ఒళ్లు మండుతుంది.

వేరే మెకానిక్ క్యాసెట్ విప్పి చేతిలో పెట్టాడు. ఆ రెండు చక్రాల పళ్లు ఒక పక్కకు వాలినట్టు అరిగిపోయాయి. పాత చైన్ కూడా అంతే సాగింది కాబట్టి దానితో సర్దుకుపోయాయి, కొత్త చైన్ లింకులు అందులో కుదరలేదు. ఎలాగూ మార్చాలి కదా అని సైకిల్ విడిభాగాల కంపెనీ షిమానో 2021లో తెచ్చిన లింక్‌గ్లైడ్ రకం వేయించాను. పళ్లు మందంగా ఉంటాయి, ఈ-బైకుల భారాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. లివర్, డీరైలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది), క్యాసెట్ మూడూ మార్చాలి, ఎందుకంటే చక్రాల మధ్య దూరం పాత వాటితో కలవదు. క్యాసెట్ కూర్చునే వెనక చక్రం హబ్ మాత్రం అదే సరిపోయింది. ఖర్చు తేలిగ్గా లేదు.

దీని మీద గేర్ దిగడం, ఎక్కడం రెండూ మెత్తగా ఉన్నాయి. చిన్న చక్రానికి దిగేటప్పుడు ఉండే ఆ కుదుపు దాదాపు పోయింది. వేయించిన కొత్తలో కలిసిన ప్రతి తెలుగు స్నేహితుడికీ దీని గురించే చెప్పాను. ఇప్పుడైతే ఇంకో రెండు మాటలు కలుపుతాను. బరువు ఎక్కువ, లివర్ నొక్కాక చైన్ మారడానికి ఒక క్షణం నింపాది ఎక్కువ. ఇంకొకటి, మెత్తగా మారిస్తే క్యాసెట్ చాలాకాలం ఆగుతుంది అనేవాణ్ని. దెబ్బల వల్ల వచ్చే అరుగుదలకు ఆ మాట నిజం. ఉప్పు, ఇసుకలకు ఒడుపుతో పని లేదు, గుడ్డతో తుడిచి నూనె వేయాల్సిందే.

విశాఖలో మా తమ్ముడు తన గేర్ల సైకిల్‌కి మిడ్ డ్రైవ్ కిట్ పెట్టించుకున్నాడు. కైలాసగిరి ఎక్కి వచ్చి ఫోన్ చేశాడు. “అన్నయ్యా, నువ్వు చెప్పినట్టే కాలు తేలిక చేస్తున్నా. అయినా టక్కుమంటోంది.” వాడి కిట్‌లో ఉన్నది పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్. కాలు ఎంత తేలిక చేసినా, తిరుగుతున్నంతసేపూ మోటారు లాగుతూనే ఉంటుంది. అలాంటి వాటిలో బ్రేక్ లివర్‌కి మోటారు ఆపే స్విచ్ ఉంటే, బ్రేక్ పట్టేంత కాకుండా కొద్దిగా నొక్కి, మోటారు ఆగాక గేర్ మార్చాలి. గేర్ కేబుల్ కదలగానే మోటారుని ఆపే చిన్న సెన్సర్ కూడా దొరుకుతుంది. వాడు అది పెట్టించుకున్నాడు, ఇప్పుడు హాయిగా తొక్కుతున్నాడు.

కొనాలా అంటే, నా సంగతి వేరు. బ్యాగుతో కలిపి సుమారు తొంభై కిలోలు, రోజూ ఆ కొండ, చేరువలో నమ్మకమైన మెకానిక్. ఈ ఎక్కుడు మీద హబ్ మోటారు నాకు సరిపోదు. భీమవరంలోనో, ఇక్కడి మాన్‌హైమ్‌లోనో ఉండి చదును మీద తొక్కేవాళ్లకు మిడ్ డ్రైవ్ ఖర్చు, చైన్ల అరుగుదల ఎందుకు? హబ్ మోటారు చాలు. నేను మాత్రం ఈ క్యాసెట్ అరిగాక మళ్లీ ఇదే రకం వేయించుకుంటాను, అప్పటికీ డేగర్లోఖ్‌లోనే ఉంటే.